‘తగినంత’ అంటే ఎంత: ఏడాదిన్నరగా నా వంటింట్లో ఉన్న ‘డియరీ’

అమెరికా ఆడవాళ్ళకి టీవీలో ఫ్రెంచి వంట నేర్పిన జూలియా చైల్డ్ జీవితకథ ఈ ‘డియరీ’ (Dearie) పుస్తకం. బాబ్ స్పిట్జ్ రాశాడు, ఆవిడ పుట్టి నూరేళ్ళయిన 2012లో వచ్చింది. 500 పేజీలు దాటిన ఇటుక. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, మూడో నెలకే అట్ట ఊడితే ఫెవికాల్‌తో అతికించుకున్నాను. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు నాలుగు పేజీలు, అలా నడిచింది నా చదువు.

ముందు భాగానికి ఓపిక కావాలి. కాలిఫోర్నియాలోని పాసడీనాలో కలిగినవాళ్ళ ఇల్లు, కాలేజీ అల్లరి చూసి రెండుసార్లు పక్కన పెట్టేశాను. యుద్ధకాలంలో సిలోన్‌లో గూఢచారి సంస్థ ఫైళ్ళు చూస్తూ పాల్ చైల్డ్‌ని కలిసే దగ్గర కథ లేచి కూచుంటుంది. అప్పటికి ఆవిడకి వంట రాదు. అతనికి మొదటిసారి వండిపెట్టింది రెడ్ వైన్‌లో మెదడు కూర, అదీ చెడిపోయింది! పారిస్‌లో కార్డాన్ బ్లూ వంటబడిలో చేరేనాటికి 37 ఏళ్ళు.

నేను మూడుసార్లు చదివింది ఆ తర్వాతి పదేళ్ళు. మా అమ్మమ్మని ఉప్పెంత అని అడిగితే “తగినంత” అనేది, మళ్ళీ అడిగితే విసుక్కునేది. జూలియా, ఆవిడ ఫ్రెంచి స్నేహితురాళ్ళు సిమోన్ బెక్, లూయిజెట్ బెర్తోల్ కలిసి అమెరికా వాళ్ళ కోసం ఫ్రెంచి వంటల పుస్తకం రాస్తూ ఆ ‘తగినంత’ని చెంచాల్లోకి దించారు. ఫ్రాన్స్ పిండి వేరు, అమెరికా పిండి వేరు. ఫ్రాన్స్‌లో కుదిరిన వంట అమెరికాలోనూ కుదరాలని మళ్ళీ మళ్ళీ చేసి చూడటమే. మొగుడు పాల్‌కి మార్సే, జర్మనీ, నార్వే బదిలీలు; ఎక్కడికెళ్ళినా వెంట టైపు మిషను, కార్బన్ కాపీలు. తీరా మొదటి ప్రచురణకర్త వద్దన్నాడు. తగ్గించి రాసిచ్చినా వద్దన్నాడు. చివరికి నాఫ్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు 1961లో వేశారు.

మరో ముచ్చట. స్టీలు కత్తులు తెగవని ఒకాయన పత్రికలో రాస్తే, జూలియా పారిస్ నుంచి చిన్న ఇనప కత్తి పంపింది. జవాబు ఆయన భార్య ఏవిస్ డివోటో రాసింది. ఆ వంటల పుస్తకం అచ్చుదాకా చేరడం వెనక ఆ స్నేహం ఉంది. మా ఇంటి కత్తిపీటని కూడా ఎవరూ స్టీలుతో మార్చనివ్వలేదు, ఆ బాధ నాకు తెలుసు.

టీవీ రోజులు, 1963 తర్వాతవి, చదవడానికి సరదాగా ఉంటాయి గానీ రచయిత అభిమానం అక్కడ శ్రుతి మించింది. ఆయన ఆవిడతో కలిసి సిసిలీ తిరిగినవాడు, అది కనిపిస్తూనే ఉంటుంది. అన్నట్టు, ఆవిడ టీవీలో కోడిని కింద పడేసిందని చెప్పుకుంటారే, అది ఉత్తదే. పెనం మీంచి ఎగరేసిన బంగాళాదుంప అట్టు సగం పొయ్యి మీద పడింది. తీసి అతికించి, వంటింట్లో ఒక్కరే ఉంటే ఎవరు చూస్తారంది. పెసరట్టు తిరగేసే ప్రతివాళ్ళకీ ఈ రహస్యం తెలుసు.

వంటలు నేర్చుకుందామని మాత్రం కొనకండి, రెసిపీల పుస్తకం కాదిది. నాకు పనికొచ్చింది వేరే. ఆవిడ 6 అడుగుల 2 అంగుళాల మనిషి, అందుకని పాల్ వంటగట్టు మామూలు కంటే ఎత్తుగా కట్టించాడు. ఆ వంటిల్లు ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అది చదివాక నేనూ గట్టు మీద రెండంగుళాల చెక్క వేసుకుని కూరలు తరుగుతున్నాను. నడుం నొప్పి సగం తగ్గింది.