మెట్లు పీకేసిన బాస్ గిటారుతో కడపలో నాలుగేళ్లు

అమెరికా బాస్ గిటారిస్టు జాకో పాస్టోరియస్ సౌండ్ మన ఇంట్లో, మన బడ్జెట్లో వస్తుందా అని ఎవరైనా అడిగితే ముప్పావు వంతు వస్తుందని చెబుతాను. ఆ ముప్పావుకు నాకు ఏడాది పట్టింది. మిగిలిన పావు కోసం ఇంకో మూడేళ్లుగా తంటాలు పడుతున్నాను.

నేను ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాలో బాస్ వాయిస్తాను. పన్నెండేళ్లు మామూలు ఫ్రెట్లున్న, అంటే మెడ మీద మెట్లున్న బాసే. 2021 సంక్రాంతి సెలవుల్లో పద్నాలుగు వేలకు ఒక సెకండ్ హ్యాండ్ జాజ్ బాస్ మోడల్ దొరికితే, పాడైనా పర్లేదనుకుని దాని ఫ్రెట్లన్నీ పీకేశాను. ఈ సమీక్ష ఆ బాస్ గురించే.

ఫ్రెట్‌లెస్ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. వీణకు మైనం మీద మెట్లుంటాయి, వయొలిన్‌కు ఉండవు. మామూలు బాస్ వీణ లాంటిది, ఫ్రెట్‌లెస్ వయొలిన్ లాంటిది. మెట్టు లేదు గనుక వేలు నొక్కిన తీగ నేరుగా చెక్కకే తగులుతుంది. తీగల ఎత్తు బాగా తగ్గిస్తే, ఊగే తీగ చెక్కను సన్నగా రాసుకుంటూ పోతుంది. అందుకే స్వరం ముందు ముడుచుకుని ఉండి, తర్వాత నోరు తెరిచినట్టు ‘మ్వా’ అని విచ్చుకుంటుంది. జాకో వాయించినది వింటే ఎవరో కింది స్థాయిలో పాడుతున్నట్టు అనిపించేది ఇందుకే.

ఆయన వాయించింది 1962 నాటి ఫెండర్ జాజ్ బాస్. వెన్న పూసే కత్తితో ఫ్రెట్లు పీకాడని కథ. గాట్లు పూడ్చి, పైన పడవలకు పూసే ఎపాక్సీ, అంటే ఆరితే గాజులా గట్టిపడే రెసిన్ పూత పట్టించాడు. తీగలు రోటోసౌండ్ స్వింగ్ బాస్ 66, అంటే గుండ్రటి స్టీలు వైరు చుట్టిన గరుకు తీగలు (రౌండ్‌వౌండ్). సౌండ్ పెంచే ఆంప్ అకౌస్టిక్ 360, దానికి 18 అంగుళాల స్పీకర్. 1976లో వచ్చిన మొదటి సోలో ఆల్బమ్, అదే ఏడాది చేరిన వెదర్ రిపోర్ట్ అనే జాజ్ బ్యాండ్, గాయని జోనీ మిచెల్ రికార్డులు, వీటన్నిట్లో వినిపించే ఆ గొంతు ఈ సామాను నుంచి వచ్చిందే. అకౌస్టిక్ 360ని నేను ఫొటోలోనే చూశాను. నాది ఆంప్, 10 అంగుళాల స్పీకర్ ఒకే పెట్టెలో ఉండే కాంబో. పావు వంతు తక్కువ అన్నదాంట్లో కొంత ఇక్కడే ఉంది.

మా వీధి చివర వడ్రంగం చేసే ఆచారి నన్ను చూసి, “బాగుండే సామాను ఎందుకు పీకుతాండావు నాయనా?” అన్నాడు. అంటూనే ముఖం చదునుగా అరగదీసిన కటింగ్ ప్లేయర్ ఇచ్చాడు. సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కో ఫ్రెట్‌ను వేడి చేసి మెల్లగా లేపాలి. 20 ఫ్రెట్లలో పదిహేడు బుద్ధిగా వచ్చాయి. తొందరపడిన మూడింటి దగ్గర పెచ్చులు లేచాయి. గాట్లలో ఆచారే తెల్ల చెక్క వెనీరు పట్టీలు అంటించి పెట్టాడు, ఐదు వందలు తీసుకున్నాడు. ఆ తెల్ల గీతలే ఇప్పటికీ నాకు దిక్కు.

ఇక్కడ నేను మర్చిపోయిన సంగతొకటి ఉంది. ఫ్రెట్లు పోతే వాటి ఎత్తూ పోతుంది. కానీ పైన నట్ (మెడ చివర తీగలు ఆనే గాట్ల పట్టీ) మాత్రం పాత ఎత్తులోనే నిలబడి ఉంటుంది. నెల రోజులు మొదటి గీతల దగ్గర వేళ్లు పుండయ్యేలా నొక్కి, నా చేతుల్లోనే బలం లేదనుకున్నాను. నట్ గాట్లను సన్న ఆకురాయితో కిందికి దింపాక పది నిమిషాల్లో బాస్ మారిపోయింది. ఎపాక్సీ కన్నా ముందు చేయాల్సిన పని ఇది. డబ్బు ఖర్చు లేని పని కాబట్టో ఏమో, ఎవరూ దీని గురించి చెప్పరు.

వేళ్లు నొక్కే చెక్కను, అంటే బోర్డును చదును చేయడానికి పొడవాటి సాపు బద్ద కావాలి. ఎర్రగుంట్ల వైపు బండలు కోసే చోట అడుగున్నర పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు కడప రాయి పట్టీ ఊరికే ఇచ్చారు. స్టీలు స్కేలు ఆనించి వెనక లైటు పెట్టి చూస్తే సందు కనపడలేదు. దానికి ఉప్పు కాగితం అంటించి, తీగలు పోయే దారిలోనే, బోర్డు వంపు మీద కొద్దికొద్దిగా తిప్పుతూ రుద్దాను. బరువు రాయిదే, మనం తోసుకుంటూ పోవడమే.

మొదటి నాలుగు నెలలు ఎపాక్సీ లేకుండా వాయించాను, కావాలనే. ‘మ్వా’ అప్పుడే వచ్చింది. ఎపాక్సీ వేస్తేనే జాకో వస్తాడని నమ్మి ముందే రెసిన్ కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే రౌండ్‌వౌండ్ తీగలు బోర్డు రోజ్‌వుడ్ చెక్కను ఆకురాయిలా తినేశాయి. నాలుగు నెలలకే 3 నుంచి 7వ గీత దాకా వేలిగోరు దిగేంత చారలు పడ్డాయి.

అప్పుడు ఎపాక్సీకి దిగాను. మొదటిసారి రెసిన్, హార్డెనర్ స్టీలు గ్లాసులో కంటి లెక్కన కలిపాను. మూడు రోజులైనా బెల్లం పాకంలా వేలికి అంటుకుంటూనే ఉంది. అంతా గీకేశాను. రెండోసారి ప్రొద్దుటూరులో బంగారం పని చేసే మా బావమరిది తూకం అరువు తెచ్చుకుని, డబ్బా మీద రాసినట్టు గ్రాము తేడా లేకుండా తూచాను. “బావా, దీన్ని కడిగే ఇస్తావా?” అని వాడి టెన్షన్ వాడిది. నాలుగు పూతలు వేసి, ప్రతి పూతకూ హెయిర్ డ్రయ్యర్‌తో బుడగలు పోగొట్టాను. ఆరాక 220 కాగితంతో మొదలుపెట్టి 2000 దాకా రుద్ది, చివర కారు పాలిష్ పట్టించాను. చూడ్డానికి నీళ్ల కింద చెక్క ఉన్నట్టుంటుంది.

సౌండ్‌లో తేడా ఉంది, కాదనను. పై స్థాయిలో మెరుపు వచ్చింది, స్వరం ఇంకాస్త సేపు నిలబడుతోంది. కానీ ఎపాక్సీకి నేను ఎక్కువ మార్కులు వేసేది చెక్కను కాపాడినందుకు.

2022 మేలో ప్రొద్దుటూరు పెళ్లి. మధ్యాహ్నం ఫంక్షన్ హాలు బయట ఎండలో కారు ఆపి, వెనక సీట్లో సంచిలో బాస్, దాని మీద స్పీకర్ వైర్ల మూట పెట్టి భోజనాలకు పోయాం. సాయంత్రం సంచి తెరిస్తే ఎపాక్సీ మీద నాలుగు తీగల అచ్చులు పడి ఉన్నాయి. తీగ చుట్టు గరుకుతో సహా, ముద్ర వేసినట్టు. మామూలు రెసిన్ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుందట. కడప జిల్లా మే నెలలో మూసిన కారు లోపల అంత వేడి రావడం ఎంతసేపు? ఆ రాత్రి ఆర్కెస్ట్రాలో ప్రతి జారుడుకూ గరగరమని వినపడింది. జాకో బాస్ ఒకసారి ముక్కలు ముక్కలైతే అతికించి నిలబెట్టారు, నాది నాలుగు చారలే కదా అని సర్దిచెప్పుకున్నాను. పైపూత రెండు రోజులు అరగదీసి, ఎంత వేడి తట్టుకుంటుందో డబ్బా మీద రాసి ఉన్న రెసిన్‌తో మళ్లీ పూశాను. లావు తీగ కింద ఒక అచ్చు మాత్రం లోతుగా పడింది, పక్క నుంచి చూస్తే ఇప్పటికీ కనపడుతుంది.

వేడి మెడను కూడా ఊరికే వదలదు. ఏప్రిల్లో గాలి ఎండిపోయేసరికి మెడ వెనక్కి లాగి తీగలన్నీ బర్రుమంటాయి. నవంబరు వానలకు ముందుకు వంగుతుంది, ‘మ్వా’ మాయమవుతుంది. మెడ లోపల వంపును సరిచేసే ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను ఏడాదికి రెండుసార్లు పావు చుట్టు తిప్పడం నాకు మీటరు రీడింగు లాగా అలవాటైపోయింది. 12వ గీత దగ్గర లావు తీగ కింద ఒకటిన్నర మిల్లీమీటరు సందు, మెడ దాదాపు సాపు. ఈ కొలత తప్పితే మిగతా ఏం చేసినా దండగే.

ఇక ఆంప్‌లో వచ్చే మోత, అంటే హమ్. బాస్‌లో తీగల ఊపును కరెంటుగా మార్చే అయస్కాంతాలు, అంటే పికప్‌లు రెండుంటాయి. జాకో సౌండ్ బ్రిడ్జి (తీగల కింది కొసలు ఆనే చోటు) వైపు పికప్‌లో ఉంది. మెడ వైపున్న నెక్ పికప్ సున్నా చేసి, బ్రిడ్జి పికప్ పూర్తిగా పెట్టి, కుడి చేయి కూడా దాని మీదికే జరిపి మీటాలి. టోన్ నాబ్ కొద్దిగా తగ్గించాలి, పూర్తిగా కాదు. చిక్కేమిటంటే రెండు పికప్‌లు సమానంగా ఉంటే ఒకదాని హమ్‌ను ఒకటి కొట్టేస్తాయి. ఒక్కటే తెరిస్తే హమ్ అంతా మనదే. మా ఇంట్లో అది గండు తుమ్మెదలా ఉండేది.

ఇందులో రెండు రకాలున్నాయని చాలా ఆలస్యంగా తెలిసింది. తీగ మీద చేయి పెట్టగానే ఆగే మోత ఎర్తింగుది. మా ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది. ఉప్పు, బొగ్గు వేయించి ఎండాకాలం వారానికి రెండు బిందెల నీళ్లు పోయడం మొదలుపెట్టాక చాలావరకు పోయింది. బాస్ లోపల రాగి రేకు అంటించాక ఇంకొంత తగ్గింది. రెండోది అయస్కాంతపు మోత. ట్రాన్స్‌ఫార్మర్ వైపు తిరిగితే పెరుగుతుంది, పక్కకు తిరిగితే తగ్గుతుంది. దానికి మందు లేదు. చర్చిలో నేను ఎప్పుడూ కిటికీ వైపు ఏటవాలుగా నిలబడేది భక్తితో అనుకుంటారు కొందరు.

తీగల విషయంలో కక్కుర్తి పడకూడదు. చుట్టు చదునుగా, నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ వేస్తే బోర్డు భద్రం, కానీ ఆ గరుకు గొంతు రాదు. రోటోసౌండ్ సెట్ తెప్పించుకుంటే మూడు వేలకు అటూ ఇటూ అవుతోంది. మన చెమటకు ఆరు వారాల్లో మొద్దుబారుతుంది. పాత పప్పు గిన్నెలో తీగలను పది నిమిషాలు ఉడికించి, తుడిచి ఎండబెడితే ఇంకో రెండు వారాలు బతుకుతాయి. మా ఆవిడ ఆ గిన్నెను వంటింట్లోంచి శాశ్వతంగా బహిష్కరించింది.

ఒక బాస్‌ను రెండు కలిసి మోగినట్టు వినిపించే కోరస్ పెడల్ కొన్నాను, అమ్మేశాను. ఆయన రికార్డుల్లో కొన్నిచోట్ల అదే వరస రెండుసార్లు వాయించి కలిపిన నిండుదనం ఉంటుంది, పెడల్‌తో అది వచ్చినట్టే వచ్చి నీళ్లపాలవుతుంది. ఆంప్‌లో బాస్ నాబ్ (కింది స్థాయి మోత) కాస్త తగ్గించి మిడ్ (మధ్య స్థాయి) పెంచడం అంతకన్నా మేలు చేసింది. గదిలో ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టుంటుంది, డ్రమ్స్, కీబోర్డు తోడయితే అదే సరిగ్గా కూర్చుంటుంది. అందరికీ కాదనుకోండి. మా కీబోర్డు అన్న మొదటి పెళ్లిలోనే, “ఏందబ్బా, పెండ్లికూతురు కంటే ముందు నీ బాస్ ఏడుస్తాంది” అన్నాడు. డాన్సు పాటలకు ఇప్పటికీ పాత ఫ్రెట్ల బాసే పట్టుకుపోతాను.

అన్నిటికన్నా ఎక్కువ కాలం తిన్నది ఎడమ చేయి. మా మేనమామ ఒకప్పుడు కచేరీల్లో వయొలిన్ వాయించేవాడు, ఇప్పుడు 70 దాటాయి. నేను ఇంట్లో సాధన చేస్తుంటే పేపరు చదువుతూనే, “అల్లుడూ, నీ గాంధారం యాడికి పాయరా?” అన్నాడు. ప్రతి స్వరం కొద్దిగా కిందికి పోతోంది. కారణం తర్వాత తెలిసింది. ఫ్రెట్ల బాస్ మీద మనం మెట్టుకు వెనక నొక్కుతాం. మెట్టు లేనప్పుడు వేలి కొస సరిగ్గా గీత మీదే ఉండాలి. పన్నెండేళ్ల అలవాటు ప్రకారం నేను గీతకు వెనకే ఆగుతున్నాను. మామ చెప్పిన వైద్యం: ఫోన్లో తంబూరా పెట్టుకుని, రోజుకు అరగంట ఒకే తీగ మీద మెల్లగా సరళీ వరసలు, గీతలు చూడకుండా. సిగ్గుపడకుండా చేశాను. మూడు నెలలకు ఆయన పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు.

హార్మోనిక్స్ మాత్రం ఆయనే దగ్గరికొచ్చి విన్నాడు. జాకో ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’లో ఎక్కువగా వీటితోనే పాట కట్టాడు. తీగను నొక్కకుండా ఒక బిందువు దగ్గర తాకి మీటి వదిలేస్తే గంట కొట్టినట్టు మోగుతుంది. అన్నిటికన్నా సన్నని జి తీగ మీద 4వ గీతకు అర సెంటీమీటరు ఇవతల, తీగ పొడవులో సరిగ్గా ఐదో వంతు దగ్గర అలాంటి బిందువు ఒకటుంది. కొత్త తీగలైతేనే అది పలుకుతుంది, అందుకే ఆ మూడు వేలు. తంబూరా జి శ్రుతిలో ఉంది. నేను ఆ బిందువు తాకి మీటాను. కీబోర్డు మీది బి, అంటే జి శ్రుతికి గాంధారం కన్నా ఇది రవ్వంత తక్కువగా పలుకుతుంది, ట్యూనర్ చూపిస్తుంది కూడా. సరిచేసుకోవాల్సిన తప్పేమో అని ఏడాదిగా నాకు అనుమానం.

మామ కళ్లజోడు తీసి, “ఇంగోసారి కొట్టు” అన్నాడు. కొట్టాను. “తంబూరాలో ఎవరూ మీటకుండానే అంతర గాంధారం ఇనపడుతుంది చూడు, స్వయంభువు అంటారే, అదేరా ఇది. దీన్ని కదిలించొద్దు.”

ట్యూనర్ ఆపేసి ఇంకోసారి మీటాను.