ఒక అక్క, ముగ్గురు చెల్లెళ్ళు: చెన్నైలో సోదర నగరాల విందు

చెన్నైతో స్నేహ ఒప్పందం చేసుకున్న విదేశీ నగరాలలో, అంటే సోదర నగరాలలో, నాలుగింటి వంటలను ఒకే హాలులో నాలుగు బల్లల మీద వడ్డిస్తామన్న ప్రకటన చూసి, పోయిన నెలలో ఒక శనివారం సాయంత్రం మా అమ్మతో కలిసి వెళ్ళాను. 1966లో బంధం కలుపుకున్న రష్యాలోని వోల్గోగ్రాద్, 1984లో అమెరికాలోని డెన్వర్, 2008లో అదే దేశంలోని శాన్ ఆంటోనియో, 2010లో మలేషియాలోని కౌలాలంపూర్ ఆ నాలుగు నగరాలు. ఎగ్మోర్ దగ్గర అద్దెకు తీసుకున్న చిన్న హాలు, మనిషికి 750 రూపాయల టికెట్టు, అందులోనే భోజనం, ఒక ప్రసంగం, గోడల నిండా ఫోటోలు.

ప్రసంగం మొదలు కాకముందే మా అమ్మ ఒక చిక్కు ప్రశ్న వేసింది. సిస్టర్ సిటీ అంటున్నారు సరే, తెలుగులో అక్కో చెల్లెలో తేల్చకుండా వరస కలపడం ఎలాగని ఆవిడ సందేహం. గోడ మీది వివరాలను బట్టి ఇద్దరం కూర్చుని లెక్క వేశాము. 1639లో ఈస్టిండియా కంపెనీవారి చేతికి వచ్చిన మన చెన్నపట్నం కంటే, 1589లో త్సారీత్సిన్ అనే పేరుతో కోటగా వెలసిన వోల్గోగ్రాద్ యాభై ఏళ్ళు పెద్దది. 1718 నాటి శాన్ ఆంటోనియో, 1850ల చివర పుట్టిన కౌలాలంపూర్, డెన్వర్ చిన్నవి. కనుక ఒక అక్క, ముగ్గురు చెల్లెళ్ళు. రష్యన్లు ఇటువంటి ఊళ్ళను అన్నదమ్ముల వరసలో పిలుస్తారు కాబట్టి మా లెక్క అక్కడ చెల్లకపోవచ్చు గాని, శాన్ ఆంటోనియోలో చెన్నై వ్యవహారాలు చూసే సంస్థ మాత్రం తనకు తానే ‘అనుజ’, అంటే చెల్లెలు, అని పేరు పెట్టుకుని మా అమ్మ మాట నిలబెట్టింది.

సాయంత్రం మొత్తంలో డబ్బుకు తగినది వోల్గోగ్రాద్ బల్ల. బీట్‌రూట్ సూపులో వేయవలసిన పుల్లని మీగడకు బదులు చిక్కటి పెరుగు వేయడంతో అది కాస్త మన బీట్‌రూట్ పెరుగు పచ్చడికి దూరపు చుట్టంలా తయారైంది. అయినా వేడిగా, పులుపు సరిగ్గా కుదిరి, రెండోసారి అడిగేటట్టు ఉంది. క్యాబేజీ కూరిన పిరోష్కీలు అనే చిన్న బన్నులు మెత్తగా ఉన్నాయి, ఉప్పు మాత్రం తక్కువైంది. అయితే ఆ బల్ల దగ్గర నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది వంట కాదు, దాని వెనక వేలాడదీసిన ఒక బల్లగుడ్డ ఫోటో. వోల్గోగ్రాద్ ఇంకా స్టాలిన్‌గ్రాద్‌గా ఉన్న రోజులలో, ఆ నగరం రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైనప్పుడు, తాము కూడా బాంబులకు ఇళ్ళు పోగొట్టుకున్న ఇంగ్లండులోని కోవెంట్రీ నగర స్త్రీలు 830 మంది తమ పేర్లను ఒక గుడ్డ మీద కుట్టి, తలా ఆరు పెన్నీలు జతచేసి పంపారు. పెద్ద సానుభూతి కన్నా చిన్న సాయం మేలన్న మాట దాని మధ్యలో కుట్టి ఉంటుంది. 1944లో ఆ రెండు నగరాలూ జంట కట్టాయి. అమెరికాలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1956లో ప్రజల మధ్య స్నేహానికని ఒక కార్యక్రమం మొదలుపెట్టి సోదర నగరాల పద్ధతికి ఊపు తెచ్చినది ఆ తరువాత పన్నెండేళ్ళకు. ఈ సంగతంతా ప్రసంగంలో ఎక్కడా రాలేదు. ఫోటో కింద రెండు వరుసలలో ఇరికించారు. వక్త గారు ఎవరు ఏ సంవత్సరంలో సంతకం చేశారో చదువుతూ నలభై నిమిషాలు గడిపారు.

శాన్ ఆంటోనియో బల్ల మీద చిల్లీ పెట్టారు. పందొమ్మిదో శతాబ్ది చివర ఆ ఊరి కూడళ్ళలో మెక్సికన్ స్త్రీలు రాత్రిపూట దీపాలు పెట్టుకుని అమ్మిన మాంసం కూర అది. ఎండుమిర్చి, జీలకర్ర దాని ప్రాణం. శాకాహారుల కోసం ఇక్కడ రాజ్మాతో చేశారు. చిల్లీలో చిక్కుడు గింజ కనిపిస్తే టెక్సాస్‌వారు ఒప్పుకోరని విన్నాను, కాని మా అమ్మకు అభ్యంతరం లేకపోయింది. మిరపకాయ పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలలో ఆ అమెరికా ఖండం నుంచే మనకు వచ్చిందని ఒక్క చీటీ అక్కడ పెట్టి ఉంటే, గుంటూరు కారం తిని పెరిగినవాళ్ళకు ఆ చెల్లెలితో చుట్టరికం ఒప్పందం కన్నా ముందే తెలిసి ఉండేది. ఆ ఊరివారు దీపావళినాడు నదిలో దీపాలు వదిలే ఫోటో చక్కగా ఉంది. డెన్వర్ బల్ల మీద చెప్పుకోదగినది ఏమీ లేదు.

కౌలాలంపూర్ బల్ల దగ్గర నా ఫిర్యాదు ఉంది. రోటీ చనాయ్ పొరలు పొరలుగా బాగా విడివడింది. ఆ పేరు చెన్నై నుంచి పోయిందని కొందరు, పిండిని పలచగా సాగదీయడాన్ని తెలిపే మలయ్ మాట అని మరికొందరు అంటారు. కొబ్బరిపాలతో వండిన అన్నం, దానితో ఇచ్చిన సంబాల్ అనే మిరప పచ్చడి కూడా మంచివే. కాని ఆ నగరంతో మనకున్న బంధాన్ని వివరించిన పలకలో తమిళుల వలస గురించి తప్ప వేరే మాట లేదు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి రబ్బరు తోటల పనికి వెళ్ళిన వేలమంది తెలుగువారు, 1955లో వారు స్థాపించుకున్న సంఘం, ఇవాళ్టికీ అక్కడ జరిగే ఉగాది ఎవరికీ గుర్తు రాలేదు. తెలుగు పాలకుడు దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మోస్తున్నదని చెప్పుకునే ఊళ్ళో, సగం మంది తెలుగులో మాట్లాడుకుంటున్న హాలులో, ఈ లోటు కొట్టొచ్చినట్టు కనబడింది. నిర్వాహకులలో ఒకరిని అడిగితే, ఆయన మర్యాదగానే, వచ్చేసారి చూద్దామండీ అన్నారు. ఆయన దగ్గర కాగితం లేకపోతే మా అమ్మ టికెట్టు వెనకనే నాలుగు ముక్కలు రాసి ఇచ్చింది.

వచ్చేసారి వెళ్ళదలచినవారు ఆరు గంటలకే చేరుకోవడం మంచిది, ఎందుకంటే ఏడున్నరకల్లా సూపు అయిపోయింది, కుర్చీలు నలభైకి మించి లేవు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పళ్ళెం పట్టుకుని నిలబడవలసి వచ్చింది. ప్రసంగం సాగుతుండగా బల్లల దగ్గరకు వెళ్ళనిస్తారు. ఆ సమయంలో ఫోటోల కింది చీటీలు తీరికగా చదువుకోవచ్చు.