ఓఎఫ్ఎల్ తెలుగు ఫాంట్లు: ఎనిమిదేళ్లు వాడాక

విశాఖ డాబాగార్డెన్స్‌లో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, గుడి ఉత్సవాల ఫ్లెక్సీలు, ఎన్నికలొస్తే ఊపిరాడని పని. ఎనిమిదేళ్లుగా మా సిస్టమ్స్‌లో ఓఎఫ్ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్సు, అంటే ఫాంటుని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని రాసిచ్చే అనుమతి) ఉన్న ఫాంట్లే ఉన్నాయి: మండలి, రామభద్ర, సురవరం, నోటో, మన ఉత్తరాంధ్ర పెద్దల పేర్లు పెట్టుకున్న గురజాడ, గిడుగు. అక్షరాల అందం గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, నేను లైసెన్సు గురించే చెప్తాను, నన్ను ఇటు లాక్కొచ్చింది అదే కాబట్టి.

అంతకుముందు ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి ఎక్కించుకున్న ఫాంట్లతోనే బండి నడిచేది. ఒకసారి ఒక కంపెనీ వాళ్ల డబ్బా మీద తెలుగు పేరు డిజైన్ చేసిస్తే, బిల్లు ఇచ్చే ముందు వాళ్ల లీగల్ వాళ్లు ఈ ఫాంటు లైసెన్సు కాపీ పంపమని మెయిల్ పెట్టారు. పంపడానికి నా దగ్గర ఏముంది? రెండు రోజులు టెన్షన్ పడి, చివరికి పేరు మొత్తం రామభద్రలో మళ్లీ చేసి, ఫాంటుతో పాటు వచ్చిన ఓఎఫ్ఎల్ టెక్స్ట్ ఫైలు జతచేసి పంపితే మారుమాట లేకుండా బిల్లు పాసైంది.

అప్పుడు కూర్చుని చదివాను. ఎస్ఐఎల్ అనే సంస్థ రాసిన లైసెన్సు ఇది, 1.1 వెర్షన్ 2007లో వచ్చింది. ఫాంటుతో డబ్బులకి పని చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఒట్టి ఫాంటుని మాత్రం అమ్మకూడదు, సాఫ్ట్‌వేర్‌తో కలిపైతే అమ్మొచ్చు. (ఇవే ఫాంట్లు సీడీలో వేసి ఐదొందలకి అంటగట్టిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, కొన్నవాళ్లలో నేనూ ఉన్నాను.) మాలాంటి వాళ్లకి అన్నిటికంటే పనికొచ్చేది ఒక్క వాక్యం: ఈ ఫాంటుతో తయారుచేసిన డాక్యుమెంటుకి ఈ లైసెన్సు అంటదని తేల్చి రాసి ఉంటుంది. జీపీఎల్ ఫాంట్లతో ఇక్కడే పేచీ (జీపీఎల్ అంటే సాఫ్ట్‌వేర్ కోసం రాసిన ఇంకో ఉచిత లైసెన్సు, దాని కిందున్నదాన్ని కలిపి చేసి పంచేదీ దాని కిందకే రావాలంటుంది). పీడీఎఫ్ చేస్తే ఫాంటు కూడా లోపలికి వెళ్తుంది కదా, మరి ఆ పీడీఎఫ్ కూడా జీపీఎల్ కిందకి వస్తుందా అని అనుమానం, అందుకే ఫాంటు మినహాయింపు అని విడిగా ఒక మాట చేర్చుకోవాలి, అది చేర్చారో లేదో ప్రతిసారీ వెతుక్కోవాలి. నోటో కూడా మొదట అపాచీ అనే ఇంకో ఉచిత లైసెన్సుతో వచ్చి 2015లో ఓఎఫ్ఎల్‌కి మారింది.

నాకు దెబ్బ తగిలింది ఇంకోచోట. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర మాసోత్సవాలకి భక్తులు కొందరు ఫ్లెక్సీ చేయమన్నారు. పెద్ద సైజులో చూస్తే క్ష్మి కింద ఉండే మ వత్తు కింది లైనులో అక్షరం మీదున్న గుడి (ఇకారం గుర్తు) మీదకి ఎక్కేస్తోంది. ఫాంట్లు మార్చే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి ఆ వత్తుని కాస్త సన్నం చేసి పైకి జరిపి, అదే పేరుతో సేవ్ చేసి, ఫైలూ ఫాంటూ పెన్‌డ్రైవ్‌లో ప్రింటింగ్‌కి పంపాను. వాళ్ల సిస్టమ్‌లో అసలు ఫాంటు అదే పేరుతో ముందే ఉంది, నాది ఎక్కించనే లేదు. పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద సరిగ్గా అమ్మవారి పేరులోనే వత్తు వెళ్లి కింది లైనుకి గుద్దుకుంది. "ఏంటి బాబూ, అమ్మ పేరైనా సరిగ్గా కొట్టలేవా" అన్నారు వాళ్లలో పెద్దాయన. మళ్లీ కొట్టించిన ఖర్చు నాదే. అక్షరాల్ని కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మల్లాగా, మార్చి పంపకపోవడం నా బద్ధకమే అనుకోండి, కానీ లైసెన్సు మూడో షరతు చెప్పేదీ ఇదే: చేసినవాళ్లు తమకే అని రిజర్వ్ చేసిన పేరున్న ఫాంటుని మారిస్తే ఆ పేరు వాడకూడదు. పేరు కోసం పట్టుదల కాబోలు అనుకుని దాన్ని దాటేశాను.

లోపాలు లేకపోలేదు. చాలావాటికి బోల్డ్ విడిగా లేదు, ఉన్న ఒక్క మందంతోనే సర్దుకోవాలి. శుభలేఖలకి సరిపోయే వంకీల అక్షరాలు తక్కువ. ఎలా ఉన్నది అలా ఇచ్చాం, పూచీ మాది కాదు అని లైసెన్సులోనే ఉంటుంది కాబట్టి ఎవర్నీ అడగలేం. ఒక వత్తు తప్పు గురించి ఫాంటు చేసినవాళ్లకి వచ్చీరాని ఇంగ్లీషులో రాసి పెడితే జవాబు రావడానికి నెలలు పట్టింది. అయినా ఎనిమిదేళ్లలో ఒక్క రూపాయి పంపని నేను వాళ్లని ఏమనగలను?

ఐదుకి నాలుగిస్తాను. నేను మార్చిన ఫాంటుకి ఇప్పుడు బురుజు అని పేరు పెట్టాను, ఓఎఫ్ఎల్ ఫైలు, మొదట చేసినవాళ్ల పేరు అందులో అలాగే ఉన్నాయి. కావలసినవాళ్లు షాపుకొచ్చి పట్టుకెళ్లండి, పెన్‌డ్రైవ్ మాత్రం మీదే తెచ్చుకోండి.