చిక్కడపల్లిలో ఐదంతస్తుల కొత్త అపార్ట్‌మెంట్: ఎనిమిది నెలలు ఉన్నాక చెబుతున్నా

హైదరాబాద్ చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి రెండు గల్లీలు లోపలికి వస్తే మా అపార్ట్‌మెంట్. ఒకప్పుడు పాత ఇల్లు, జామచెట్టు ఉన్న 620 గజాల స్థలం. ఓనర్లు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇస్తే స్టిల్ట్ (పిల్లర్ల మధ్య పార్కింగ్ వదిలిన అంతస్తు) పైన ఐదంతస్తులు వేశారు, అంతస్తుకి రెండు చొప్పున 10 ఫ్లాట్లు. క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ లాంటివి లేవు, అవి కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చదు.

మేం ఇక్కడ కొన్నది మా అత్తమ్మ కోసం. దాదాపు అదే డబ్బుకి నార్సింగి వైపు ఇంకో రూమ్ ఎక్కువ వచ్చేది. చూసొచ్చాం కూడా. "అక్కడ నాకు తెలిసినోళ్లు ఎవరున్నరు బిడ్డా" అని ఒక్క మాట అంది, ఇక మేం అటువైపు వెళ్లలేదు. ఇప్పుడు పొద్దున్నే వెంకటేశ్వర స్వామి గుడికి నడిచి వెళ్లొస్తుంది, వచ్చేటప్పుడు కూరగాయలు తనే తెస్తుంది, సాయంత్రం పాత వాడకట్టు ఆడవాళ్లు మా హాల్లోనే కూర్చుంటారు. గ్రూప్స్‌కి చదువుతున్న మా తమ్ముడు సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచే వెళ్తాడు. మా ఆయన ఆఫీసు హైటెక్ సిటీలో. చిక్కడపల్లిలో గ్రీన్ లైన్ ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్ దగ్గర బ్లూ లైన్‌కి మారితే సరిపోతుంది. 2020లో ఈ లైన్ రాకముందు అయితే ఇక్కడ కొనే ఆలోచనే చేసేవాళ్లం కాదు.

ఇక డబ్బు సంగతి. బ్రోచర్‌లో 1,450 చదరపు అడుగులు, అడుగుకి 8,500 అన్నారు. మేం కూడా అందరిలాగే ఆ లెక్కలోనే బేరమాడాం. అగ్రిమెంట్ చేతికొచ్చాక చూస్తే కార్పెట్ ఏరియా 980. అంటే గోడల మధ్య మేం నిజంగా వాడుకునే చోటు అంతే, మిగతాదంతా బయటి గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్ట్, కారిడార్‌లో మా వాటా. 980తో భాగిస్తే అడుగు ధర 12,500 దాటింది. ఇందులో మోసం ఏమీ లేదు, రెరా (ఇళ్ల ప్రాజెక్టులను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ) పేజీలో కార్పెట్ ఏరియా ముందే ఉంది, మేమే ఆలస్యంగా చూశాం. బుకింగ్ రోజే చూసి ఉంటే ఇంకొంచెం గట్టిగా బేరమాడేవాళ్లం. పైగా కట్టుబడిలో ఉండగా కొన్నాం కాబట్టి 5 శాతం జీఎస్టీ, ఆ తర్వాత రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు. రెండో అంతస్తులో ఒకాయన అలాగే ల్యాండ్‌ఓనర్ వాటా ఫ్లాటు కొన్నారు, ఆయనకి ఆరు లక్షలు మిగిలాయి.

ఇంకోటి, ఇది తప్పకుండా చెప్పాలి. మాకు మొదట చూపించిన ఫ్లాటు జీహెచ్ఎంసీకి మార్ట్‌గేజ్‌లో ఉంది. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టే దాంట్లో 10 శాతం ఇలా తాకట్టు పెట్టించుకుంటారు, ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకున్నాకే వదులుతారు. మా లాయర్ ఈసీ (ఆస్తి మీద ఉన్న తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయించకపోతే మాకు తెలిసేదే కాదు, ఎందుకంటే సైట్‌లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అందుకే నాలుగో అంతస్తులో ఈ ఫ్లాటుకి మారాం. యూడీఎస్, అంటే మొత్తం స్థలంలో మా ఫ్లాటుకి వచ్చే భూమి వాటా, 62 గజాలు వచ్చింది, సిటీ మధ్యలో అంత భూమి మన పేరు మీద ఉండటం నాకు పెద్ద ధైర్యం.

దసరాకి ఇస్తామన్న తాళాలు తర్వాతి ఏడాది సంక్రాంతి కూడా దాటాక ఇచ్చారు. అద్దె ఒకవైపు, ఈఎంఐ ఒకవైపు, ఆ నెలల టెన్షన్ మాటల్లో చెప్పలేను.

కట్టుబడి మాత్రం బాగుంది. గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి, తలుపులు బిగుసుకోవడం లేదు, లిఫ్ట్‌కి జనరేటర్ బ్యాకప్ ఉంది. మొదటి వానాకాలంలో కామన్ బాత్‌రూమ్ గోడకి చెమ్మ వచ్చింది. బిల్డర్‌కి ఫోన్ చేస్తే వాళ్ల మనుషులు రంగు వేసి వెళ్లారు, మళ్లీ వచ్చింది. కట్టుబడి లోపాలను అయిదేళ్ల వరకు బిల్డరే ఉచితంగా సరిచేయాలని రెరా చట్టంలో ఉందని ఫొటోలతో సహా రాసి పంపాక, ఈసారి టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేశారు. ఫోన్‌లో చెబితే పని జరగలేదు, రాసి పెడితే జరిగింది.

వెలుతురు గురించి కూడా చెప్పాలి. ముందు గది, హాలు చక్కగా ఉంటాయి. వెనక బెడ్‌రూమ్ కిటికీ తీస్తే పక్కవాళ్ల వంటిల్లే, వాళ్ల పోపు వాసన మా మంచం దాకా వస్తుంది. పగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. వెనక వైపు ఫ్లాటు తీసుకునేవాళ్లు పగటిపూట వెళ్లి ఆ గదిలో పది నిమిషాలు నిలబడి చూసుకోండి.

జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సంపు పెద్దది కాబట్టి ఇబ్బంది లేదు. ఎండాకాలంలో బోరు సన్నగిల్లితే ట్యాంకర్ తెప్పించాం, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో పంచుకున్నాం.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి పార్కింగ్. కార్లు ఒకదాని వెనక ఒకటి పెట్టాలి, మా కారు లోపల, మూడో అంతస్తు వాళ్లది ముందు. పొద్దున ఏడింటికి వాళ్లని లేపాల్సి వస్తే నాకే మొహమాటంగా ఉంటుంది. చివరికి తాళం చెవులు వాచ్‌మన్ దగ్గర పెట్టుకునేలా మాట్లాడుకున్నాం. ఇలాంటి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ చూడటానికి వెళ్లేవాళ్లు పగలు ఒకసారి చూసినా, రాత్రి ఎనిమిది తర్వాత ఇంకోసారి వెళ్లండి, అందరి కార్లూ వచ్చేసి ఉంటాయి.