తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులోని మ్యూచువల్ ఫండ్ ఆఫీసు: మూడేళ్లు చూశాక రాస్తున్న రివ్యూ

మొన్న జనవరిలో నా మొదటి టాక్స్ సేవింగ్ ఫండ్ డబ్బులు చేతికొచ్చాయి. అందుకే ఈ రివ్యూ ఇప్పుడు రాస్తున్నాను.

నేను శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాను. ఇల్లు కొర్లగుంటలో. 2023 జనవరిలో హెచ్‌ఆర్ వాళ్లు సేవింగ్స్ ప్రూఫులు వారంలో ఇవ్వాలన్నారు, లేకపోతే జీతంలో టాక్స్ కోస్తారట. షేర్ మార్కెట్ అంటే నాకు ఓనమాలు కూడా తెలియవు. జీతం పడే బ్యాంకుకు వెళ్తే, ‘టాక్స్ సేవింగ్ ఫండ్’ అంటూ ఏడాదికి 50 వేల చొప్పున ఐదేళ్లు కట్టే ఫారం ఒకటి చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి చదివితే అది ఇన్సూరెన్స్ పాలసీ. చాలా బాధేసింది. సంతకం పెట్టలేదు.

బస్సులో పక్క సీటు అన్న చెబితే ఇక్కడికి వచ్చాను. మెడికల్ షాపు పైన చిన్న గది, ఒక కంప్యూటర్, రెండు కుర్చీలు. అక్కడి ఏజెంటు ఫండ్ పేరు ఒక్కటీ ఎత్తలేదు. “ముందు పేస్లిప్ చూపించు సామీ” అన్నారు. టీటీడీ క్యాలెండర్‌లో అయిపోయిన నెల కాగితం చించి, వెనక్కి తిప్పి లెక్క రాశారు. పీఎఫ్ 21,600. హౌసింగ్ లోన్‌లో అసలు 48,000. ఎల్‌ఐసీ 18,400. పాప ట్యూషన్ ఫీజు 24,000. మొత్తం 1,12,000. ఇవన్నీ 80సీ (లక్షన్నర దాకా ఆదాయంలోంచి తీసేసి టాక్స్ లెక్కేసే సెక్షన్) కిందికే వస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. లక్షన్నరకు ఇంకా 38,000 ఖాళీ ఉంది.

“అదంతా కూడా అక్కర్లేదు” అంటూ కింద ఇంకో గీత గీశారు. మినహాయింపులన్నీ పోగా నా ఆదాయం 5,22,000. పాత టాక్స్ పద్ధతిలో 5 లక్షలు దాటకపోతే టాక్స్ సున్నా. దాటినందుకు నేను కట్టాల్సింది సెస్‌తో కలిపి 17,576. అంటే 22,000 పెడితే చాలు. చివర్లో లెక్క అటూ ఇటూ అయితే ఇబ్బంది అని 25,000 పెట్టించారు: జనవరిలో 15,000, ఫిబ్రవరి, మార్చిల్లో అయిదేసి వేలు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఫండ్ ఎంపిక దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. అంతకు ముందు ఏడాది లాభాల్లో ఫస్ట్ వచ్చిన ఫండ్ చూపించి ఇదే కావాలన్నాను. 2020 మార్చిలో మార్కెట్ కూలినప్పుడు అది ఎంత పడిందో, ఎన్నాళ్లకు లేచిందో చూడమన్నారు. ఈ రకం ఫండ్లలో కనీసం 80 శాతం షేర్లలోనే ఉంటుంది కాబట్టి పడటం ఖాయమని, ఆ పడ్డప్పుడు తట్టుకున్నదాన్నే తీసుకోమని చెప్పారు. ఒక్క ఫండే, గ్రోత్ ఆప్షన్‌లో (లాభం మధ్యలో చేతికివ్వకుండా ఫండ్‌లోనే ఉంచేది) తీసుకున్నాం.

2024 అక్టోబరు నుంచి మార్కెట్ వరుసగా ఐదు నెలలు జారింది. రాత్రుళ్లు ఫోన్‌లో విలువ చూసుకుంటూ టెన్షన్ పడేవాణ్ణి. ఫోన్ చేస్తే విసుక్కోకుండా, ఈ ఫండ్‌లో పెట్టిన డబ్బుకు మూడేళ్ల తాళం పడి ఉంది కాబట్టి నువ్వు అమ్మలేవు, అదే నీకు మేలు అన్నారు. నిజమే, చేతిలో ఉంటే అప్పుడే అమ్మేసేవాణ్ణి.

ఒక విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. డైరెక్ట్ ప్లాన్ అని ఒకటి ఉంటుందని, అందులో ఏజెంటు కమిషన్ ఉండదు కాబట్టి ఖర్చు తక్కువని నాకు రెండో ఏడాది వేరేవాళ్లు చెబితే తెలిసింది. అడిగితే దాచలేదు, తన కమిషన్ ఎంతో కూడా చూపించారు. కానీ మొదటి రోజే చెప్పాల్సింది. నాలాంటి కొత్తవాడికి ఆ క్యాలెండర్ లెక్క విలువ కమిషన్ కంటే ఎక్కువే. అయినా ముందే తెలిసి ఒప్పుకోవడం వేరు కదా.

మొన్న వెళ్లినప్పుడు మొత్తం తీసేద్దామనుకున్నాను. ఒక్కో వాయిదాకు మూడేళ్లు విడివిడిగా లెక్క కాబట్టి జనవరి 15,000కు వచ్చిన యూనిట్లే తెరుచుకున్నాయి. లాభం 1,25,000 దాటలేదు కాబట్టి దాని మీద టాక్స్ లేదు. మళ్లీ ఇదే ఫండ్‌లో వేయమని చెక్కు పుస్తకం తీశాను. ఆయన వద్దన్నారు. కొత్త టాక్స్ పద్ధతిలో ఇప్పుడు 12 లక్షల ఆదాయం దాకా టాక్స్ లేదు, అందులో 80సీ కూడా చెల్లదు, నీ జీతానికి ఇక తాళం ఉన్న ఫండ్ ఎందుకు అన్నారు. దీర్ఘకాలానికే అయితే తాళం లేని మామూలు ఈక్విటీ ఫండ్ చూడమన్నారు. చెక్కు పుస్తకం మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

అయిదుకు నాలుగున్నర ఇస్తాను. శ్రీసిటీ బస్సు దిగి వెళ్లినా రాత్రి 8 దాకా తెరిచే ఉంటుంది. మార్చి ఆఖరి వారం మాత్రం వెళ్లకండి, మెట్ల మీద నిలబడాలి. పాన్, ఆధార్‌తో పాటు పేస్లిప్, లోన్ స్టేట్‌మెంట్, పిల్లల ఫీజు రసీదులు తీసుకెళ్లండి.