పాత కారు స్టీరియోలో స్పష్టమైన రేడియో: ఏళ్ల వాడకం తర్వాత

నా కారు పాతది. స్టీరియోలో ఎఫ్‌ఎం, సీడీ, ముందువైపు ఒక ఆక్స్ జాక్ (బయటి పరికరాల ధ్వనిని తీగతో అందుకునే రంధ్రం) ఉన్నాయి. బ్లూటూత్ లేదు. నేను వినేది ఎక్కువగా ఆకాశవాణి. ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ, విశాఖపట్నం కేంద్రాలతో పాటు శాస్త్రీయ సంగీతం కోసమే 2016లో మొదలుపెట్టిన ‘రాగం’ కూడా వస్తుంది. తార్నాక నుంచి హైటెక్ సిటీ దాకా రోజూ వెళ్లి వచ్చే నాకు అదే పెద్ద తోడు. ఫోనులో వచ్చే ఆ ధ్వనిని కారు స్పీకర్లలో శుభ్రంగా వినడానికి ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్, బ్లూటూత్ రిసీవర్, ఆక్స్ తీగ మూడింటినీ ఏళ్ల తరబడి వాడాను.

ఉపగ్రహ రేడియో అనగానే మనలో చాలామందికి వరల్డ్‌స్పేస్ గుర్తొస్తుంది. ఏషియాస్టార్ ఉపగ్రహం నుంచి వచ్చే ఆ ప్రసారాల్లో తెలుగుకు ‘స్పందన’, కర్ణాటక సంగీతానికి ‘శ్రుతి’ ఉండేవి. యాంటెన్నాను ఉపగ్రహం వైపు గురిచూసి పెట్టాలి, మధ్యలో గోడో చెట్టో అడ్డొస్తే సెట్టు మూగబోయేది. కదిలే కారులో అది కుదిరే పని కాదు. 2009 డిసెంబరు 31తో మన దేశంలో ఆ సేవే ఆగిపోయింది. అమెరికాలో సిరియస్ ఎక్స్‌ఎం అనే ఉపగ్రహ రేడియోను మాత్రం ప్రధానంగా కార్లలోనే వింటారు. అక్కడ కూడా విడిగా కొన్న రిసీవరును పాత స్టీరియోకు కలపాలంటే ఉన్న దారులు ఇవే: ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్, క్యాసెట్ అడాప్టర్, ఆక్స్ తీగ, యాంటెన్నా తీగ మధ్యలో అమర్చే మాడ్యులేటర్. పాట ఆకాశం నుంచి దిగినా, ఫోను టవరు నుంచి వచ్చినా, నా అనుభవంలో అది ఎక్కువగా పాడయ్యేది ఆ చివరి మూరెడు దూరంలోనే.

ముందు ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ సంగతి. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చితే చాలు, ఫోను ధ్వనిని ఏదో ఒక ఎఫ్‌ఎం స్థానంలో ప్రసారం చేస్తుంది, స్టీరియో దాన్ని అందుకుంటుంది. సౌకర్యానికి వంక పెట్టలేం. ఊరు దాటి విజయవాడ హైవే ఎక్కాక బాగానే పాడుతుంది. హైదరాబాదులో ఉన్నంతసేపే దానితో చిక్కు. 91.1, 92.7, 93.5, 98.3, 101.9, 102.8... బ్యాండ్ నిండా శక్తిమంతమైన స్టేషన్లు. వాటి పక్కన ఈ వేలెడు పరికరం గొంతు నిలబడదు. నేను 88 దగ్గర పెట్టుకునేవాణ్ని, అక్కడ కొంత ఖాళీ. అయినా ఫ్లైఓవర్ ఎక్కినప్పుడల్లా దూరపు ప్రసారమేదో సుయ్‌మంటూ చొరబడేది. ఒకసారి అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగితే నా స్పీకర్లలో రాగాలాపన పోయి డప్పుల పాట మొదలైంది. పక్క కారులోనూ ఇలాంటి ట్రాన్స్‌మిటరే, అదే స్థానంలో ఉంది. పచ్చ దీపం పడి ఆ కారు ముందుకు వెళ్లేదాకా ఆ పాటే.

అంతరాయం లేకపోయినా ఎఫ్‌ఎంకు తన హద్దు తనకుంది. 15 కిలోహెర్ట్జ్ పైన ధ్వని అందులో పోదు. దానికి తోడు ప్రసారంలో పై స్వరాలను కొంత పెంచి పంపి, స్టీరియోలో మళ్లీ తగ్గించే పద్ధతి ఉంది. ఆ పెంపు అమెరికాలో 75 మైక్రోసెకన్ల లెక్క, మన దేశంలో 50. అక్కడి లెక్కతో తయారైన ట్రాన్స్‌మిటర్‌ను ఇక్కడి స్టీరియోలో వింటే తాళాల ధ్వని, ‘స’కారాలు చెవిలో గుచ్చుకుంటాయి. ఫోను వాల్యూము పూర్తిగా పెడితే గొంతు చిట్లుతుంది, మూడొంతులకు కాస్త అటూ ఇటూగా ఉంచితే మేలు. వార్తలకు, మాటలకు ట్రాన్స్‌మిటర్ సరిపోతుంది. సంగీతానికి నేను ఎవరికీ చెప్పను.

ఆక్స్ తీగకు మారిన రోజున తేడా ఎక్కడ తెలిసిందంటే, కచేరీ మొదట్లో తంబురా ఒక్కటే మోగే ఆ కొద్ది క్షణాల్లో. ట్రాన్స్‌మిటర్‌లో ఆ తంబురా వెనుక ఎప్పుడూ సన్నటి రొద ఉండేది. తీగ కలిపాక తంతి మీటిన తర్వాత దాని నాదం నెమ్మదిగా సన్నగిల్లడం కూడా వినిపించింది. నాకు ఆ ఒక్కటి చాలు.

అయితే తీగ పెట్టగానే పని అయిపోదు. ఫోనును కారు ఛార్జరుకు పెట్టి, అదే సమయంలో ఆక్స్ కలిపితే స్పీకర్లలో కీచుమనే ఒక కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే అది పైస్థాయికి పోతుంది, వదిలితే దిగుతుంది. చాలామంది దీన్ని స్టీరియో చెడిపోయిందని అనుకుంటారు. నగరంలో ఒక దుకాణంలో నాకూ కొత్త స్టీరియో కొనమనే చెప్పారు. అసలు విషయం అది కాదు. ఫోనుకు గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే సంబంధం, రెండు దారుల్లో అందుతోంది: ఛార్జరు నుంచి ఒకటి, ఆక్స్ తీగ నుంచి ఇంకొకటి. ఆ రెండింటి మధ్య ఉండే స్వల్ప వోల్టేజి తేడాతో పాటు ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రం) అలజడి కూడా ధ్వనిలో కలుస్తుంది. తేల్చుకోవడం తేలిక. ఇంజిన్ నడుస్తుండగా ఛార్జరు పీకేయండి, కూత ఆగిపోతే కారణం ఇదే.

మందు రెండు రకాలు. ఒకటి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, ఇటు తీగకు అటు తీగకు రాగి సంబంధం లేకుండా ధ్వని మాత్రమే దాటుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే దొరికింది. కూత ఆ క్షణమే మాయమైంది. కానీ చవక రకంలో అడుగు స్వరాలు పలచబడతాయి. మృదంగంలో ఎడమ చేతి మోత వినండి, ఆ బరువు తగ్గిందంటే డబ్బా మార్చాల్సిందే. రెండో మందు నాకు ఇంకా నచ్చింది: ఫోనును పవర్ బ్యాంకుతో ఛార్జ్ చేయడం. పవర్ బ్యాంకుకు కారు గ్రౌండుతో సంబంధమే ఉండదు కాబట్టి కూతకు దారే లేదు, ధ్వనికి మధ్యలో ఏ డబ్బా అక్కర్లేదు. ఇప్పుడు నేను చేసేది ఇదే.

వాల్యూము విషయంలో ఒక మాట. ఫోనును తక్కువలో పెట్టి స్టీరియోను బాగా పెంచితే తీగలో చేరిన రొద కూడా దానితో పాటు పెరుగుతుంది. ఫోనును దాదాపు పూర్తిగా, ఒకటి రెండు మెట్లు తగ్గించి ఉంచి, స్టీరియోతో సర్దుకోవాలి. ఫోనులోని ఈక్వలైజర్, స్టీరియోలోని లౌడ్‌నెస్ రెండూ ఆపేయండి. రెండు చోట్లా అడుగు స్వరాలు పెంచితే గాత్రం కడవలో తలపెట్టి పాడినట్టు ఉంటుంది.

చాలా కొత్త ఫోన్లలో 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉండటం లేదు. అప్పుడు టైప్ సి అడాప్టర్ కావాలి. డిజిటల్ ధ్వనిని మార్చే చిప్ చాలావరకు ఆ అడాప్టర్‌లోనే ఉంటుంది కాబట్టి మరీ చవకది కొనకండి. ఛార్జింగూ ఆక్సూ ఒకేసారి ఇచ్చే జంట అడాప్టర్లు నా దగ్గర ఎక్కువ కాలం నిలవలేదు, గతుకుల్లో కనెక్షను తెగిపోయేది. ఇక్కడే బ్లూటూత్ రిసీవరు అక్కరకొస్తుంది. ఫోను ధ్వనిని తీగ లేకుండా అందుకుంటూ ఆక్స్ జాక్‌లో గుచ్చే ఆ పరికరం సొంత బ్యాటరీతో పనిచేసేదైతే మంచిది. కారు సాకెట్ నుంచి కరెంటు తీసుకునేదైతే ఆ కూత మళ్లీ వస్తుంది. ధ్వని విషయానికొస్తే తీగకు ఒక మెట్టు కింద, ట్రాన్స్‌మిటర్‌కు చాలా మెట్లు పైన. మా ఆవిడ కారు నడిపేటప్పుడు ఇదే వాడుతుంది, తీగ గేరుకు తగులుతుందని.

ఎండ గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో బయట నిలిపిన కారులో తీగ పైపొర గట్టిపడి జాక్ దగ్గర పగులుతుంది. నేరుగా ఉండే ప్లగ్ కన్నా ఎల్ ఆకారంలో ఉన్నది ఎక్కువ కాలం వచ్చింది, చేయి తగిలినా జాక్ మీద ఒత్తిడి పడదు. ఒకవైపు స్పీకరు గరగరలాడితే ముందు ప్లగ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి.

ఒక లోటు మాత్రం తీగతో తీరదు. యాప్ ప్రసారం అసలు ప్రసారం కన్నా కొన్ని సెకన్లు వెనక ఉంటుంది, సిగ్నల్ బలహీనపడితే కీర్తన మధ్యలో ఆగిపోతుంది. అందుకే హైదరాబాదు కేంద్రం వరకు నేను యాప్ జోలికి పోను. స్టీరియోలో మీడియం వేవ్ ఉంటే 738 కిలోహెర్ట్జ్, వివిధ భారతికి 102.8. ఇంటర్నెట్ లేకుండా వస్తాయి. పొద్దున భక్తిరంజని అక్కడే వింటాను.

మీ కారులో ఆక్స్ కూడా లేక క్యాసెట్ ప్లేయరే ఉంటే, ట్రాన్స్‌మిటర్ కన్నా ముందు క్యాసెట్ అడాప్టర్ వెతకండి. టేపు హెడ్‌కు నేరుగా ధ్వని అందుతుంది కాబట్టి పక్క కారు పాట అందులోకి రాదు. పెట్టే ముందు హెడ్‌ను ఒకసారి శుభ్రం చేయించండి.