వేగాస్ వెలుగు వదిలించుకోవాలంటే

లాస్ వేగాస్‌లో మొదటి రాత్రి స్ట్రిప్ అనే కాసినోల వీధిలో నిలబడి అమ్మ తలెత్తి వెతికితే రెండే చుక్కలు కనిపించాయి, అందులో ఒకటి విమానం. నవంబర్ అమావాస్య చూసుకుని మరీ వెళ్లాం, తీరా చూస్తే లక్సర్ అనే పిరమిడ్ ఆకారపు హోటల్ కొన నుంచి నిటారుగా పైకి కొట్టే లైటే మాకు చంద్రుడైంది.

రెండో రోజు చుక్కలు చూపించే టూర్ ఒకటి బుక్ చేశాం. హోటల్ దగ్గరే ఎక్కించుకుని గంటలోపే ఎడారిలో దింపారు. గైడ్ మంచివాడే, టెలిస్కోప్‌లో శనిగ్రహాన్ని ఓపిగ్గా చూపించాడు, కానీ గ్రహాలైతే ఊరి మధ్య నుంచి కూడా కనిపిస్తాయి కదా, దానికి వ్యాన్ ఎందుకు? ఆకాశంలో సగం నారింజ రంగులోనే ఉంది, పాలపుంత జాడే లేదు. పెట్టిన డబ్బుకి గిట్టుబాటు కాలేదు. పోనీ మనమే కారేసుకుని దగ్గర్లోకి పోదామంటే రెడ్ రాక్ కాన్యన్ లూప్ రోడ్డు చలికాలంలో సాయంత్రం 5కే మూసేస్తారు, వ్యాలీ ఆఫ్ ఫైర్‌లో చీకటి పడ్డాక క్యాంపింగ్ వాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదు.

అందుకే మూడో రోజు డెత్ వ్యాలీ అనే ఎడారి నేషనల్ పార్కుకి వెళ్లాం. 2013లోనే దాన్ని అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా, అంటే రాత్రి ఆకాశం చీకటిగా ఉండే చోటుగా గుర్తించారు. లోపలికి టికెట్ కారుకి 30 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది. పార్కులోని హోటళ్ల రేట్లు చూసి గుండె ఆగినంత పనైంది, బయట బీటీ అనే చిన్న ఊళ్లో మోటెల్ తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, హీటర్ మాత్రం రాత్రంతా లారీలా మోగింది. పెట్రోలు అక్కడే నింపుకోండి, పార్కు లోపల ధర మండిపోతుంది. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

మెస్కీట్ ఫ్లాట్ ఇసుక దిబ్బల దగ్గర పార్కింగ్‌లో ప్రతి ఐదు నిమిషాలకీ ఎవరివో హెడ్‌లైట్లు కళ్లలో పడ్డాయి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క లైటు పడితే మళ్లీ మొదటికే. ఇసుకలో కాస్త లోపలికి నడిచి ఎర్ర టార్చి కూడా ఆర్పేసి కూర్చున్నాం. చూస్తుండగానే పడమటి వైపు పాలపుంత తేలింది. "అదిగోరా పిల్లలకోడి!" అని అమ్మ అరిచింది. కృత్తికలని మా ఊళ్లో అలాగే అంటారు. గొల్లకావడి అనే మూడు చుక్కలు కొండ మీదికి వచ్చేదాకా కదలనంది, చలికి నాన్న మాత్రం కారెక్కి కూర్చున్నారు.

తిరుగుదారిలో డాంటేస్ వ్యూ ఎక్కాం. ఎత్తుకి పోతే ఇంకా బాగుంటుందనుకున్నా, తీరా చూస్తే తూర్పున మళ్లీ వేగాస్ వెలుగే. కింద లోయలో కొండలు దాన్ని అడ్డుకున్నాయన్నమాట. పైగా గాలి నిలబడనివ్వలేదు. చుక్కల కోసమే అయితే ఆ కొండ మానేసి రెండు రాత్రులూ ఇసుకలోనే కూర్చోండి, కంబళి ఒకటి ఎక్కువ పట్టుకెళ్లండి.